తోకకు ఎర్ర రిబ్బను

క్యాంపుకి ఫోన్ చేసి అడగాల్సినవన్నీ కోరిన్ అడిగింది. ఎవరి గుర్రానికి వాళ్ళ కంచె విడిగా ఉంటుందా అని అడిగింది. నీళ్ళ పంపు ఎంత దూరమని అడిగింది. అంటురోగం లేదని చూపే రక్తపరీక్ష కాగితాలు, వచ్చిన ప్రతి గుర్రానికీ చూస్తారా, లేక మావి మాత్రం చూసి తక్కినవాళ్ళని వదిలేస్తారా అని నిలదీసింది. కంచె చెక్కదా ముళ్ళతీగదా, ముందు ఇల్లు, వెనక గుర్రాలు ఉండే ఇంత పొడుగు ట్రైలర్ వెనక్కి తిప్పుకోవడానికి చోటుందా లేదా, అన్నీ అయ్యాయి. అవతలి నుంచి డ్వేన్ అనే పెద్దమనిషి, "అమ్మా, పిల్లనిచ్చేటప్పుడు మా అల్లుణ్ణి కూడా నేనిన్ని అడగలేదు" అని నవ్వాడు. ఒక్క ప్రశ్న మాత్రం ఆమెకు తట్టలేదు. అక్కడ పిల్లలు ఎక్కడ ఆడుకుంటారని.

దానికి జవాబు జూలై మధ్యాహ్నం రెండింటికి, నాలుగు వందల మైళ్ళు వచ్చాక, కళ్ళెదుటే కనబడింది. కాటన్‌వుడ్ బెండ్ క్యాంపులో గుర్రాల కంచెలకు ముప్ఫై గజాల్లో ఉయ్యాలలు, జారుడుబల్ల. మధ్యలో ఉన్న అడ్డమల్లా అడవి గులాబీ పొదల వరస ఒకటి. ఆ పొదల అవతల ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చినట్టు ఇంటిబండ్లు బారులు తీరి ఉన్నాయి. సైకిళ్ళు, కుక్కపిల్లలు, నీళ్ళ తుపాకులు, కేకలు.

"ఆ ఉయ్యాలలేంటండీ?" అంది కోరిన్ పికప్ దిగీ దిగకుండానే.

బ్యాటరీ బండిలో ఎదురొచ్చిన డ్వేన్ ఆ మాటకి మురిసిపోయాడు. "పోయినేడు పెట్టించాం. ఫ్యామిలీ క్యాంపు కదమ్మా! గుర్రాలు, పిల్లలు, ముసలాళ్ళు, మాకందరూ కావాల్సినవాళ్ళే. కాకపోతే మీ కంచెలు ఖాళీ అవడానికి నాలుగవుతుంది. వాటిల్లో ఉన్నవాళ్ళు రైడుకెళ్ళి ఇంకా రాలేదు. అందాకా గుర్రాల్ని ట్రైలర్‌కే కట్టేసుకోండి."

కోరిన్ తన మొగుడు వేడ్ వైపు చూసింది. అతను చూడనట్టు టైర్లు తట్టి చూసుకుంటున్నాడు.

"పైన కొండల్లో ఐరన్ క్రీక్ క్యాంపుకి పోదాం వేడ్. ఇంకో నలభై మైళ్ళేగా. అక్కడ గుర్రాలవాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు."

"కరెంటు కూడా ఉండదు. అమ్మ మిషన్ దేంతో నడుపుతావు, నీ నోటితోనా?"

"బ్యాటరీ ఉందిగా."

"ఎనిమిది గంటలు. ఆ తర్వాత?"

పికప్ వెనక సీట్లోంచి వేడ్ తల్లి ఆర్డిత్ గొంతు వినిపించింది. "నేనిక్కడే ఉన్నాను. పాత సామాను గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోండి, ఏం పర్లేదు."

ఆర్డిత్‌కి డెబ్భై ఆరేళ్ళు. అరవై ఏళ్ళు గుర్రాల మధ్యే బతికి, గడ్డి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. ముక్కుకి సన్న గొట్టం, ఆ గొట్టానికి ఇరవై అయిదడుగుల అవతల ఆక్సిజన్ మిషన్. ఇప్పుడు ఆవిడ ప్రపంచం పొడవు ఇరవై అయిదడుగులు. నోటికి మాత్రం ఆ హద్దు లేదు.

సంగతేమిటంటే, ఆ ట్రైలర్లో వచ్చిన రెండు గుర్రాల్లో వేడ్‌ది బిస్కట్. దాని తోక పట్టుకుని పిల్లలు ఊగినా నిద్రపోతుంది. రెండోది కోరిన్ ఆడగుర్రం జూనిపర్. నాలుగేళ్ళ కిందట వేలంపాటలో ఎముకల గూడుగా ఉన్నదాన్ని కోరిన్ కొనుక్కొచ్చింది. అంతకుముందు ఏ దుర్మార్గుడు దేంతో కొట్టాడోగానీ వెనకవైపు మనిషి అలికిడైతే చాలు దానికి ప్రాణాలు పైనే పోతాయి. దాని నడుం మీద చెయ్యి వెయ్యడానికే కోరిన్‌కి మూడు నెలలు పట్టింది. గిట్ట చేతికివ్వడానికి ఏడాది. అదీ కోరిన్‌కి ఒక్కదానికే. నాడాలు కొట్టేవాడు వచ్చినా సరే కాలెత్తి పట్టుకోవలసింది ఆమే.

మార్చిలో, వాళ్ళ ఆవులకి దూడలు పుట్టే రోజుల్లో, వేడ్ పేడబండి తోసుకుంటూ మాట్లాడకుండా దాని వెనకనుంచి వెళ్ళాడు. అది తన్నిన తన్నుకి తొడ ఎముక చిట్లింది. ఆరు వారాలు కర్రల మీద నడిచాడు. చెయ్యాల్సిన చాకిరీ అంతా కోరిన్ మీద పడింది. అమ్మెయ్యమని మొదట అన్నది ఆర్డిత్. వేడ్ ఒక షరతు పెట్టాడు. "ఈ వేసంగి చూస్తాను. ఇంకొక్కసారి కాలు విసిరిందా, ఎవరికి తగిలినా తగలకపోయినా, ఆ వారమే బండెక్కిస్తాను. నా పిల్లలున్న ఇంట్లో అది ఉండదు."

కోరిన్ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? అతను కుంటుతూ ఆ మాట అన్నాడు.

కాబట్టి ఆ మధ్యాహ్నం ఆమె చెయ్యగలిగినంత జాగ్రత్తా చేసింది. జూనిపర్ వెనకభాగం దారివైపు కాకుండా గులాబీ పొదలవైపు వచ్చేలా వేడ్‌తో ట్రైలర్ రెండుసార్లు తిప్పించింది. బిస్కట్‌ని అవతలి పక్క కట్టింది. తర్వాత సంచిలోంచి రిబ్బను తీసి జూనిపర్ తోకకు, ఎముక దాటిన చోట, రెండు ముళ్ళేసి కట్టింది. తోకకు ఎర్ర గుడ్డ ఉందంటే ఆ గుర్రం తన్నుతుందని, వెనక్కి పోవద్దని గుర్రాలవాళ్ళందరికీ తెలుసు. పాత పీలిక మాసిపోయిందని, "ఇదెవడి కంటికి ఆనుతుంది?" అని వేడ్ వెక్కిరించాడని, కోరిన్ ఈసారి క్రిస్మస్ పెట్టెలోంచి కొత్తది తెచ్చింది. అరచేతి వెడల్పు ఎర్ర పట్టు, రెండు వైపులా బంగారు అంచు. మైలు దూరం నుంచైనా కనబడాలని ఉన్నవాటిలో మంచిది ఏరుకొచ్చింది పాపం.

వేడ్ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఈతకొలనుకి వెళ్ళాడు. ఆర్డిత్ ట్రైలర్ గొడుగు కింద మడతకుర్చీలో కూర్చుంది, మిషన్ లోపల గుర్రుమంటోంది. కోరిన్ రెండు బకెట్లు పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. వంద అడుగులుంటుందేమో. రెండో బకెట్ నిండుతుండగా తలెత్తి చూసింది.

పొదల్లోంచి ఓ పిల్ల బయటికొస్తోంది.

అయిదేళ్ళుంటాయి. పసుపుపచ్చ ఈతబట్టలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. పొదల మధ్య పిల్లలు చేసుకున్న సందు ఒకటుందని ఆ క్షణం దాకా కోరిన్‌కి తెలియదు. ఆ సందు తిన్నగా జూనిపర్ వెనక్కాళ్ళ దగ్గర తేలింది. పిల్ల కళ్ళు బంగారు అంచు మీదే ఉన్నాయి. చెయ్యి చాపుతోంది.

కోరిన్ అరవబోయి నోరు నొక్కేసుకుంది. అరిస్తే జూనిపర్ ముందు తన్ని తర్వాత చూస్తుంది. పరిగెడితే అడుగుల చప్పుడుకి అదే జరుగుతుంది. బకెట్ తీగ కూడా టంగుమనకుండా నేలమీద దించి, నడవడం మొదలుపెట్టింది. వంద అడుగులు. రోజూ సాయంత్రం కొట్టంలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాలి.

"ఏంటే జూనిపర్, ఎండగా ఉందా తల్లీ? నీళ్ళు తెస్తున్నాగా. ఓ బుజ్జమ్మా, పసుపు బట్టల బుజ్జమ్మా, ఆ తోక వదిలేసి అలా వెనక్కి, పొదల్లోకి వెళ్ళు నాన్నా..."

"ముడి రావట్లేదు" అంది పిల్ల, ఎంతో ఓపిగ్గా. రెండు చేతులతో రిబ్బను పట్టుకుని లాగింది.

జూనిపర్ తల పైకి లేచింది. చెవులు వెనక్కి మడుచుకుని మెడకి అంటుకుపోయాయి. ఎడమ వెనక్కాలి మీది బరువు తీసేసి గిట్ట కొన నేలకి ఆనించింది. ఆ కాలు తర్వాత ఏం చేస్తుందో కోరిన్‌కి తెలుసు. ఆ పిల్ల తల సరిగ్గా ఆ ఎత్తులో ఉంది. ఇంకా అరవై అడుగులున్నాయి.

అప్పుడే మడతకుర్చీ కిర్రుమంది. ఆర్డిత్ ముక్కుకున్న గొట్టం తీసి కుర్చీ చేతికి తగిలించింది. లేచింది. గొట్టం లేకుండా పది అడుగులు కూడా వెయ్యొద్దని డాక్టరు చెప్పిన మనిషి, ఎదురింటికి పేరంటానికి వెళుతున్నట్టు, జూనిపర్ కంటికి ఆనేలా ఎడమపక్క నుంచి నెమ్మదిగా నడిచింది.

"ఏమే ముసలిదానా" అంది గుర్రంతో. "నీకూ నాకూ పడదని ఊరందరికీ తెలుసు. ఏదీ, ఆ కాలిటివ్వు."

భుజం మీద చెయ్యి వేసి, ఆ చేతిని ముందుకాలి వెంట కిందికి జార్చింది. చీలమండ దగ్గర వేళ్ళతో ఒక్క నొక్కు నొక్కింది. ముందు గిట్ట గాల్లో ఉంటే ఆ పక్క వెనక్కాలు విసరడం గుర్రానికి కష్టం. బరువంతా మిగతా మూడు కాళ్ళమీదా పడుతుంది. అదంతా కోరిన్‌కీ తెలుసు. జూనిపర్ తనకి తప్ప మరొకరికి కాలివ్వదని కూడా తెలుసు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. జూనిపర్ వళ్ళంతా ఈగ వాలినట్టు వణికింది. ఆర్డిత్ నొక్కిన చోటే చెయ్యి ఉంచి నిలబడింది, లాగలేదు. అప్పుడు జూనిపర్ వెనక గిట్టని నేలకి పూర్తిగా ఆనించి, ముందు గిట్టని ఆ ముసలి చేతుల్లో పెట్టింది.

ఆర్డిత్ దాన్ని తొడమీదికి తీసుకుంది. పెదాలు అప్పటికే నీలమవుతున్నాయి. "త్వరగా కానీ అమ్మాయ్" అంది, అదే గొంతుతో. "ఇది చాలా బరువు."

కోరిన్ మిగిలిన అడుగులు ఎలా వేసిందో ఆమెకి గుర్తులేదు. ఎడమ అరచేతిని జూనిపర్ నడుం మీద ఆనించి, కుడిచేత్తో పిల్లని నడుం దగ్గర చుట్టేసి అమాంతం ఎత్తుకుని పక్కకి తప్పుకుంది. పది అడుగులు వచ్చాకగానీ దించలేదు. పిల్ల చేతిలో రిబ్బను వేలాడుతోంది.

"ముడి వచ్చేసింది!" అంది పిల్ల. "ఇది నాకా?"

"నీకే. మీ అమ్మ దగ్గరికి వెళ్ళు. పొదల్లోంచి కాదు, ఇటు రోడ్డుమీంచి. మళ్ళీ ఇటు రాకు, సరేనా?"

పిల్ల పరిగెత్తింది. ఆర్డిత్ గిట్టని పడెయ్యకుండా నేలమీద దించింది, ఆ తర్వాతే తను మోకాళ్ళమీద కూలబడింది. కోరిన్ ఆవిణ్ణి సగం మోసి, సగం ఈడ్చి కుర్చీలో పడేసింది. గొట్టం మళ్ళీ ముక్కుకి పెట్టింది. పదిహేను నిమిషాలు ఆర్డిత్ ఊపిరి పోగుచేసుకోవడంతోనే సరిపోయింది. కోరిన్ ఆవిడ వీపు రాస్తూ, మనసులోనే డాక్టరు ఎంత దూరమో లెక్కేసుకుంటూ, ఏడవకుండా ఉండటానికి నానా అవస్థా పడింది.

"ఏడిస్తే లాగి ఒకటిస్తాను" అంది ఆర్డిత్, మాట రాగానే.

"డాక్టరు దగ్గరికి పోదాం అత్తమ్మా."

"పోయి ఏం చెప్పను? గుర్రం కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పనా?" మళ్ళీ కాసేపు ఊపిరి. "దాన్ని అమ్మెయ్యమన్నది నేనే. ఇప్పటికీ అదే అంటాను. కానీ అడగ్గానే కాలిచ్చింది. అదీ ఉంది."

కోరిన్ ఆవిడ ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది.

"వాడికి చెప్పక్కర్లేదు" అంది ఆర్డిత్ కళ్ళు మూసుకుని. "విసిరితే అమ్ముతానన్నాడు. విసరలేదుగా. నేను కుర్చీలోంచి లేవలేదు, నువ్వు నీళ్ళు తెచ్చావు. అంతే."

ఎంత తేలిక. కోరిన్ జూనిపర్ వైపు చూసింది. అది ఏమీ ఎరగనట్టు ఎండుగడ్డి లాక్కుని నములుతోంది. నాలుగేళ్ళు. ఆ మొదటి మూడు నెలలూ కొట్టం తలుపు బయట బోర్లించిన బకెట్ మీద కూర్చుని, దాని చూపు తన మీద నిలబడేదాకా కాచుకున్న పొద్దులు. షరతు ప్రకారం అది నెగ్గింది. చూసినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు ఇప్పుడే కొట్టిపారేశారు. నోరు మూసుకుంటే చాలు, ఈ వేసంగి గడిచిపోతుంది. పసుపు ఈతబట్టలు మాత్రం ఆమె కళ్ళముందు నుంచి కదలడంలేదు.

మూడున్నరకి వేడ్ వచ్చాడు. పిల్లల జుట్టుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళని బట్టలు మార్చుకోమని లోపలికి తోలి, తువ్వాలు భుజానేసుకుని నిలబడ్డాడు. తల్లిని చూశాడు, జూనిపర్ తోక చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు.

"అంతా బానే ఉందా?" అన్నాడు.

ఆర్డిత్ కళ్ళు తెరిచి కోడలివైపు గట్టిగా చూసింది.

"బాలేదు" అంది కోరిన్.

ఒకసారి మొదలెట్టాక ఆగలేదు. సందు గురించి, పిల్ల గురించి, ఆర్డిత్ గొట్టం తియ్యడం గురించి అన్నీ చెప్పింది. "విసరలేదు వేడ్. కానీ విసిరేది. ఎడమ కాలు సిద్ధంగా పెట్టింది. అత్తమ్మ ముందుకాలు పట్టుకోకపోతే ఆ పిల్ల తల... నాకు తెలుసు, విసిరేది. రిబ్బను కట్టేసి నా పని అయిపోయిందనుకున్నా. ఆ పిల్లకి అది బొమ్మలా కనబడింది. నేనే మెరిసేది ఏరి మరీ కట్టాను."

వేడ్ భుజం మీది తువ్వాలు తీసి తల్లి కుర్చీ వీపున ఆరేశాడు. అతనికి కోపం ముక్కుమీదే ఉంటుంది, ఒక్క అరుపు అరిస్తే బాగుండునని ఆమెకి అనిపించింది.

"ఆ పిల్ల తల్లికి చెప్పావా?"

"ఇంకా లేదు."

"వెళ్ళి చెప్పు. వచ్చాక సామాను సర్దు. వెళ్ళిపోతున్నాం."

వెళ్ళిపోవడమంటే ఇంటికే. ఆ వారమే బండెక్కిస్తానన్న మాట ఆమె చెవుల్లో ఉంది.

ఆ పిల్ల పేరు పైపర్ అట. తల్లి ఇంటిబండి ముందు కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. పిల్ల తలమీద పిలకకి రిబ్బను పువ్వులా కట్టి ఉంది. "అయ్యో, మీదేనా? ఇందాక పూల్ దగ్గర అందరికీ చూపించుకుని తెగ మురిసిపోయింది!" అని ఆ తల్లి నవ్వింది. కోరిన్ చెప్పడం పూర్తయ్యేసరికి ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"అలాంటిదాన్ని పిల్లలున్న చోటికి ఎందుకు తెచ్చారండీ?" అంది.

మార్చి నుంచి ఇప్పటిదాకా ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. తప్పు నాదేనండీ అని, కోరిన్ తల వంచుకుని వచ్చేసింది.

వచ్చేసరికి గుర్రాలు ట్రైలర్ ఎక్కి ఉన్నాయి. వేడ్, డ్వేన్ కలిసి బరువైనదేదో పికప్ వెనక ఎక్కించి పైన పట్టా కప్పుతున్నారు. అదేమిటని అడిగే ఓపిక ఆమెకి లేదు. ఆర్డిత్‌ని వెనక సీట్లో ఎక్కించి, మిషన్‌ని బ్యాటరీకి మార్చింది. పక్కన పిల్లలిద్దరూ పూల్లో పట్టుమని రెండు గంటలైనా ఆడనివ్వలేదని గునుస్తున్నారు.

క్యాంపు గేటు దాటి రెండు మైళ్ళు పోతే కూడలి. ఎడమకి తిరిగితే పెద్ద రోడ్డు, నాలుగు వందల మైళ్ళ అవతల ఇల్లు. కుడికి కొండల్లోకి కంకర దారి. ఆ రెండు మైళ్ళూ బండిలో మిషన్ ఒక్కటే బుస్సు బుస్సుమంటోంది. కోరిన్ వెనకద్దంలో ట్రైలర్‌నే చూస్తూ కూర్చుంది. ఎవరికి అమ్ముతాడు? కొన్నవాడు వెనకనుంచి ముందే పలకరించి వస్తాడా? ఎవడొస్తాడు అలాగ! మళ్ళీ ఎవడో ఒకడు కర్ర తీస్తాడు.

కూడలి దగ్గర వేడ్ బండి ఆపాడు. అటూ ఇటూ ఏ బండీ లేదు. అయినా ఆపే ఉంచాడు.

"ఆ పిల్ల పిలకకి నీ రిబ్బను కట్టుకుని పూల్ దగ్గర తిరిగింది" అన్నాడు అద్దంలోంచి ఎదుటికి చూస్తూ. "బంగారు అంచు. అలాంటి రిబ్బను ఇంకోటి ఎక్కడుంటుంది? ఎక్కడిదమ్మా అంటే గుర్రం తోకదని చెప్పింది."

కోరిన్ వెనకద్దం మీంచి చూపు తిప్పి అతనివైపు చూసింది.

"పిల్లల్ని పూల్లోంచి లాక్కుని తిన్నగా నీ దగ్గరికి వచ్చాను. బానే ఉందా అని అడిగాను చూడు, బానే ఉందని నువ్వని ఉంటే ఇక్కడ ఎడమకి తిప్పేవాణ్ణి. అది తన్నే గుర్రమని నాకు మార్చిలోనే తెలుసు. తన్నబోయిందని నాకు చెప్పేవాళ్ళుంటే భరించగలను. దాచేవాళ్ళుంటే పిల్లల్ని పెట్టుకుని ఎలా భరించను?"

అతను సిగ్నల్ వేశాడు. కుడిదీపం టిక్కుటిక్కుమంది. ట్రైలర్ మెల్లగా ఒరిగి కంకర దారిలోకి తిరిగింది. పికప్ వెనక పట్టా కింద ఏదో ధడేలుమని కదిలింది.

"అదేంటి?" అంది కోరిన్.

"డ్వేన్ జనరేటరు. తిరిగొచ్చేటప్పుడు ఇచ్చెయ్యమన్నాడు. పగలు నడిపి బ్యాటరీలు నింపుకుంటే అమ్మకి రాత్రికి సరిపోతుంది. ఇది ముందే తట్టి ఉంటే ఆ క్యాంపులో దిగాల్సిన పనే లేదు."

"తట్టక కాదు" అంది వెనకనుంచి ఆర్డిత్. "పూల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలని నీ సరదా."

"అక్కడ పూల్ ఉందా?" అన్నారు పిల్లలు ఒక్కసారే.

"ఐరన్ క్రీక్‌లో వాగుంది. పూల్ కంటే చల్లగా ఉంటుంది" అన్నాడు వేడ్. తర్వాత గొంతు తగ్గించి పెళ్ళాంతో అన్నాడు. "ఈసారి మాసిన పీలికే కట్టు. నేనేమీ అనను."

"కడతాను" అంది కోరిన్. కన్నీళ్ళు ఎలాగూ కారిపోతున్నాయి, ఇక ఆపుకోలేదు. "కట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నీళ్ళు నువ్వు తెచ్చిపెట్టాలి."

"తెస్తాను" అన్నాడు వేడ్.